సంతకం వేళ ఇంజన్ ఆపరాదు

రాష్ట్ర చాపల అభివృద్ధి సంస్థకు అంత కారు ఎందుకని చాపలు నేసేవాళ్లెవరూ అడగలేదు. ఒక చిట్‌ఫండ్ కంపెనీ దివాలా తీసింది. దాని యజమాని కారును కోర్టు జప్తు చేసి వేలానికి పెట్టింది. జర్మనీ బండి, పాతది, చిన్న పార్టు కావాలన్నా చెన్నైకి మనిషిని పంపాలి. పాట పాడటానికి ఒక్కడూ రాలేదు. కొనేవాడు లేని వస్తువును ప్రభుత్వం ఏదో ఒక సంస్థకు కేటాయించాలి. అప్పటికి సొంత వాహనం లేని సంస్థ ఒక్కటే మిగిలింది. అలా బెజవాడలో ఒక అద్దె భవనం పోర్టికోలో, ఈతచాప బొమ్మ ఉన్న బోర్డు కింద, ఆ నల్లకారు వచ్చి నిలబడింది.

మేనేజింగ్ డైరెక్టర్ ఇవటూరి దక్షిణామూర్తి మొదటిరోజు వెనకసీట్లో కూర్చుని, ఇన్నేళ్ల తన సర్వీసుకు ప్రభుత్వం ఇచ్చిన జవాబు ఇదేననుకున్నాడు. సీటు తోలుది. ముందుసీటు వీపు నుంచి రాసుకునే బల్ల తెరుచుకుంటుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా మాత్రం కారు వణికేది. తనను చూస్తే ఆఫీసులో అటెండర్లు కూడా వణికేవాళ్లు కాబట్టి ఆయనకది వింతగా తోచలేదు.

డ్రైవర్ మస్తాన్ ఉండబట్టలేక చెప్పాడు.

"ఇంజన్ మౌంటింగులు పోయినయ్ సార్. ఇంజన్‌ని బండికి బిగించేకాడ రబ్బరు దిమ్మలుంటయ్. అయ్యి చచ్చిపోతే ఇంజన్ వణుకంతా బాడీకొచ్చుద్ది."

"నడుస్తోందిగా?"

"నడవటానికేం సార్, నడుస్తది."

నడుస్తున్నదాన్ని బాగుచేయడానికి నిబంధనల్లో చోటు లేదు. మాట అక్కడితో ఆగింది.

దక్షిణామూర్తికి కారులో సంతకాలు పెట్టే అలవాటు ఉంది. ఆఫీసులో కూర్చుంటే సందర్శకులు వస్తారు, ఫోన్లు వస్తాయి. ఇంటి దగ్గర ఫైళ్లకట్ట సీటు మీద పెట్టించుకుంటే, ఆఫీసు చేరేలోగా సగం తెగేవి. ముఖ్యంగా బెంజ్ సర్కిల్ సిగ్నల్ ఆయనకు బాగా కలిసొచ్చేది. చెక్కులన్నీ అక్కడే. ఒకనాడు సంస్థ సదస్సుకు కుర్చీలు అద్దెకిచ్చినవాడి చెక్కు బ్యాంకు నుంచి తిరిగొచ్చింది. సంతకము తమ వద్దనున్న నమూనాతో సరిపోలలేదని బ్యాంకువారు రాశారు.

సూపరింటెండెంట్ ఆదిశేషయ్య రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఒకటి తీగలా సాగింది. రెండోది రంపపు పళ్లలా ఉంది.

"రెండు దారులున్నాయండి," అన్నాడు. "బండి బాగుచేయించాలంటే మూడు కొటేషన్లు, ఒక సాంకేతిక కమిటీ, దానికో కన్వీనరు, ఆ కన్వీనరుగారికి టీఏ. సంతకం మార్చుకోవాలంటే ఒక ఫారమండి."

దక్షిణామూర్తి ఫారం తెమ్మన్నాడు. ఎప్పుడైనా తనను తాను సమర్థించుకోవలసి వస్తే, ఇక్కడిదాకా సమర్థించుకోగలనని ఆయన నమ్మకం.

బ్యాంకు ఆఫీసరు పోర్టికోకే వచ్చి కారెక్కాడు. నమూనా ఫారంలో సంతకాలన్నీ ఒకేలా ఉండాలన్నాడు. ఏసీ ఆపితే వణుకు తగ్గుతోంది, గేరు తీస్తే ఇంకా తగ్గుతోంది. చివరికి ఏసీ వేసి, గేరులో పెట్టి, మస్తాన్ బ్రేకు తొక్కి పట్టుకుంటే ఒక స్థిరమైన వణుకు దొరికింది. ఆ వణుకులో దక్షిణామూర్తి ఫారం నింపాడు. బ్యాంకు ఆఫీసరు పెదవులు అదురుతుండగా బాగుందన్నాడు.

ఆ మర్నాడు గదిలో, బల్ల మీద, తీరిగ్గా పెట్టిన చెక్కు తిరిగొచ్చింది.

అప్పటినుంచి ఆయన చెక్కు పెట్టాలంటే మెట్లు దిగి, కారెక్కి, ఇంజన్ వేయించుకుని సంతకం పెట్టి మళ్లీ పైకి వెళ్లేవాడు. కొన్నాళ్లకు పైకి వెళ్లడం దండగనిపించింది. పనిమీద ఆఫీసుకు వచ్చిన ఒక సొసైటీ ప్రెసిడెంటు, పోర్టికోలో ఇంజన్ ఆన్‌లో ఉన్న కారునూ అందులో కూర్చున్న ఎండీనీ చూసి అటెండరును అడిగాడు.

"అయ్యగారు బయల్దేరుతున్నారా, ఇప్పుడే వచ్చారా?"

"రెండూ కాదు. సంతకాల్లో ఉన్నారు."

ఇంతవరకూ ఇది ఒక అసౌకర్యం మాత్రమే. దాన్ని విధానంగా మార్చింది దక్షిణామూర్తే. దానికి కారణం ఆదిశేషయ్య. ఎండీ ఊళ్లో లేనప్పుడు అర్జెంటు కాగితాల మీద ఆయన సంతకం ఆదిశేషయ్యే పెట్టేవాడు. ఆ సంగతి ఆఫీసంతటికీ తెలుసు, ఎండీకి తెలియనట్టు అందరూ ఉండేవారు, ఎండీ కూడా ఉండేవాడు. ఒకరోజు ఆదిశేషయ్య వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నాకు రావట్లేదండి."

"ఏమిటి రావట్లేదు?"

"తమరి కొత్త సంతకమండి. పాతదైతే కళ్లు మూసుకుని పెట్టేవాణ్ణి. దీనికి వారంబట్టి సాధన చేస్తున్నాను. మా ఆవిడ నాకు ఫిట్స్ అనుకుని చేతిలో తాళంచెవి పెట్టిందండి."

దక్షిణామూర్తికి కోపం రావాలి. రాలేదు. తాను కనిపెట్టినదేమిటో ఆ క్షణంలో ఆయనకు అర్థమైంది. ఫోర్జరీ చేయలేని సంతకం! దేశంలో ఎవరికీ తట్టనిది చాపల సంస్థలో తట్టింది. ఆయనకు సర్క్యులర్లు రాయడమంటే ఇష్టం. ఆ సాయంత్రమే ఒకటి రాసి, ఇంట్లో భార్య సుగుణకు చదివి వినిపించాడు.

"చేతి నిలకడ మోసగాండ్రకు అనుకూలించు అంశమై యున్నందున, ఇకమీదట సంస్థయందలి యావత్తు సంతకములు నిర్ధారిత కంపన స్థితిలో మాత్రమే చేయవలెను. నిలకడగా నున్న సంతకములు అనుమానాస్పదములుగా పరిగణింపబడును. సంతకము వేళ ఇంజన్ ఆపరాదు."

"అంటే ఏమిటండీ?" అంది సుగుణ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

"కారులో కూర్చుని సంతకం పెట్టాలని."

"ఆ ముక్క రాయొచ్చుగా."

"ఆ ముక్క రాస్తే ఎవరు పాటిస్తారు?"

ఆయన అన్నది నిజమైంది. సర్క్యులర్ నకలు సచివాలయానికి వెళ్లింది. అక్కడ ప్రత్యేక కార్యదర్శి ఒకాయన ఏ శాఖలోనైనా ఒక వినూత్న ఆచరణ కనబడితే చాలని ఎదురుచూస్తున్నాడు. 'కంపన ఆధారిత సంతకము' అన్న మాట ఆయనకు నచ్చింది. కారు సంగతి ఆయన దాకా వెళ్లలేదు. ప్రభుత్వ కార్పొరేషన్లన్నీ ఈ పద్ధతిని తక్షణం అనుసరించాలని ఉత్తర్వు వచ్చింది. దక్షిణామూర్తికి ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని ఆయన ఫ్రేము కట్టించి గదిలో పెట్టుకున్నాడు. గదిలోకి వెళ్లడం మానేశాడు కాబట్టి చూసుకోవడానికి అప్పుడప్పుడు పైకి వెళ్లేవాడు.

చిక్కు ఏమిటంటే, మిగతా కార్పొరేషన్ల కార్లు కొత్తవి. ఎంతసేపు ఇంజన్ వేసి ఉంచినా అవి వణకవు. కొబ్బరిపీచు సంస్థ ఎండీ తన కారును గతుకుల రోడ్డు మీద నడిపించుకుంటూ సంతకం పెట్టబోయి పెన్ను దవడలో గుచ్చుకున్నాడు. పట్టుపురుగుల బోర్డు కార్యదర్శి పిండిమరకు వెళ్లాడు గాని, పసుపు ఆడిస్తున్న రోజు వెళ్లడం వల్ల ఫైళ్లను గుర్తుపట్టలేకపోయారు. చివరికి అందరూ బెజవాడ దారి పట్టారు. పోర్టికోలో టోకెన్లు మొదలయ్యాయి. నిరీక్షించే అధికారులు కూర్చోవడానికి చాపల అభివృద్ధి సంస్థ తన చరిత్రలో మొదటిసారి చాపలు కొన్నది.

మస్తాన్ హోదా మారింది. ఇప్పుడు అతను 'కంపన పర్యవేక్షకుడు'. జీతం అదే, జేబుకు బిళ్ల వచ్చింది. బ్రేకు తొక్కి పట్టుకుని, వెనకసీట్లో కూర్చున్న అధికారిని అద్దంలో చూస్తూ, "ఇంకాస్త ఆగండి సార్, వణుకు కుదురుకోలా," అనేవాడు. ఎంత పెద్ద అధికారైనా ఆగేవాడు.

దక్షిణామూర్తి నడుము మొదట పట్టేసింది ఆ రోజుల్లోనే. తాను పెట్టే సంతకాలకు తోడు, వచ్చినవాళ్ల పక్కన ఆతిథ్యధర్మంగా కూర్చునేవాడు. ఆఫీసు వేళంతా కారులోనే గడిచేది. నొప్పి నడుములోంచి పిక్కలోకి దిగింది. ఒకరోజు ఎడమకాలి చెప్పు వరండాలో వదిలేసి గదిదాకా వెళ్లాడు. అటెండరు వెనకాలే పట్టుకొచ్చి ఇచ్చేదాకా ఆయనకు తెలియలేదు. ఆ పాదంలో స్పర్శ లేదు.

ఎముకల డాక్టరు స్కానింగ్ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూశాడు.

"రోజుకు ఎంతసేపు వణుకుతారు?"

"ఆఫీసు టైమంతా."

"ఏం పని మీది?"

"చాపలు."

డాక్టరు ఫిల్మును దించి బల్ల మీద పెట్టాడు. నరం నలిగిపోతోందన్నాడు. వణుకు ఆపకపోతే కాలు చచ్చుబడుతుందన్నాడు. ఆ తరవాత ఆపరేషన్ చేసినా కాలు తిరిగి వస్తుందని తాను చెప్పలేనన్నాడు.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ సుగుణ అంది, "కాలు కావాలో సర్క్యులర్ కావాలో తేల్చుకోండి. రెండోదైతే ఇప్పుడే చెప్పండి. చేతికర్ర కొనుక్కొస్తా."

సర్క్యులర్ ఉపసంహరించుకుంటే సరిపోతుంది. ఆయనకది తెలియక కాదు. తెల్లకాగితం తీసుకుని రాయడానికి కూర్చున్నాడు కూడా. పొరపాటు జరిగినదని చెప్పే మొదటి వాక్యం దగ్గర కలం ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆ అర్థం వచ్చే వాక్యం ఆయన రాసి ఎరగడు. పాత ఫైళ్లలో నమూనా కోసం వెతికించాడు. దొరకలేదు. ఉపసంహరించుకుంటే ఫ్రేము గోడమీంచి దించాల్సి వస్తుందన్న ఆలోచన కూడా వచ్చింది. దాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు.

కాబట్టి పరువు పోని దారి ఎంచుకున్నాడు. మౌంటింగులు మార్చడానికి అనుమతి కోరాడు. మొదట ఎదురుతిరిగింది మస్తాన్.

"రబ్బరు మారిస్తే నా పోస్టేమైద్ది సార్?"

"అప్పట్లో నువ్వేగా మార్చమన్నావు!"

"అప్పుడు నేను డ్రైవర్ని సార్."

కమిటీ కూర్చుంది. ఆడిట్ అధికారి హైమవతి దానికి కన్వీనరు. ఆమె కాగితాన్ని చదివేటప్పుడు కళ్లజోడు తీసేసి, మనిషిని చూసేటప్పుడు పెట్టుకునేది. భద్రతా ఉపకరణమైన కంపనమును తొలగించుట ప్రమాదకరమే యైనను, అధికారి ఆరోగ్యమును దృష్టిలో నుంచుకొని మౌంటింగుల మార్పిడికి కమిటీ సమ్మతించింది. షరతు ఒక్కటే. పని పూర్తయినట్లు మేనేజింగ్ డైరెక్టర్ చెల్లుబాటయ్యే సంతకముతో ధ్రువీకరించవలెను.

ఆ షరతును దక్షిణామూర్తి చదివాడు. మామూలు షరతే అనుకున్నాడు. అలాంటివి తాను ఎన్ని పెట్టలేదు?

ఆటోనగర్‌లో జకరయ్య షెడ్డు. ఇంజన్ కింద చెక్కముక్క పెట్టి జాకీతో ఎత్తి, బోల్టులు విప్పి, పాత మౌంటింగులు బయటికి లాగాడు. రబ్బరు పగిలి, లోపలి నూనె కారిపోయి ఉంది.

"ఇన్నాళ్లూ దీనిమీద తిరిగారా? ఇనుము ఇనుముని కొడతంటే మీకు తెలవలా?" అన్నాడు జకరయ్య.

"తెలుసు," అన్నాడు దక్షిణామూర్తి. "దానికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది."

కొత్తవి బిగిసినాక ఆయన వెనకసీట్లో కూర్చుని స్టార్ట్ చెయ్యమన్నాడు.

"చేశాను సార్," అన్నాడు మస్తాన్, చావుకబురు చెప్పినట్టు.

ఏమీ తెలియలేదు. ఏసీ వేశారు, గేరు వేశారు. తన నడుము మీద ఇన్నాళ్లూ కూర్చున్నవాడెవడో లేచి వెళ్లిపోయినట్టయింది ఆయనకు. ఆ సంతోషంలోనే ధ్రువపత్రం తెప్పించుకుని, బల్ల తెరిచి, సంతకం పెట్టాడు. అది తీగలా సాగింది.

మర్నాడు హైమవతి దాన్ని స్వయంగా పట్టుకొచ్చింది.

"ఇది చెల్లదు సార్. నిలకడగా ఉంది."

"మౌంటింగులు మార్చారమ్మా. అందుకే నిలకడగా ఉంది. పని పూర్తయిందనడానికి అదే సాక్ష్యం."

"కావచ్చు సార్. కానీ నిలకడగా ఉన్న సంతకం అనుమానాస్పదం. మీ సర్క్యులరే." ఆమె కళ్లజోడు పెట్టుకుని ఆయన్ని చూసింది. "పని పూర్తయినట్టు మీ సంతకం కావాలి. మీ సంతకం కావాలంటే పని పూర్తి కాకూడదు."

"మరి ఏం చేద్దామంటారు?"

"పాత మౌంటింగులు తిరిగి బిగించండి. కొత్తవి బిగించినట్టు సంతకం పెట్టండి. తరవాత మళ్లీ కొత్తవి బిగించుకోండి."

"అప్పుడు మళ్లీ బిగించినట్టు..."

"దానికి వేరే ధ్రువపత్రం సార్. సహజమే కదా."

ఆదిశేషయ్యకు ఒక ఉపాయం తోచింది. కారు దానంతటది వణక్కపోతే మనం వణికించాలి. నలుగురు అటెండర్లు నాలుగు వైపులా పట్టుకుని ఊపారు. లోపల దక్షిణామూర్తి ఒక చేత్తో పైనున్న పిడి పట్టుకుని, రెండో చేత్తో ధ్రువపత్రం మీదా, జకరయ్యకు ఇవ్వాల్సిన చెక్కు మీదా సంతకం చేశాడు. టోకెన్లు పట్టుకుని ఎదురుచూస్తున్న కార్పొరేషన్ల ఎండీలు కూడా చాపల మీంచి లేచి, కోట్లు విప్పి, తలా ఒక చెయ్యి వేశారు. ఎవరో "ఐలేసా" అన్నారు. రోడ్డు మీద జనం ఆగారు. బ్యాంకువారు ఆ చెక్కును కూడా ఆ పూటే తిప్పి పంపారు. సదరు సంతకమునందలి కంపనము ఊయలను పోలి యున్నది గాని ఇంజన్‌ను పోలి యుండలేదని రాశారు.

అందరూ కలిసి ఊపిన ఊపుకు దక్షిణామూర్తి కారు దిగలేకపోయాడు. మస్తాన్ చంకల కింద చేతులు వేసి దించాడు. ఎడమకాలు నేలకు ఆనిందో లేదో కళ్లతో చూసుకుంటే తప్ప తెలియలేదు.

"పాతవి బిగించమని చెప్పనా సార్?" అని హైమవతి అడిగింది.

"అమ్మా, నా కాలు..."

"కాలు కమిటీ పరిధిలో లేదు సార్."

ఆయన కమ్మీ పట్టుకుని మెట్లెక్కి తన గదిలోకి వెళ్లాడు. కుర్చీ మీది దుమ్ము దులుపుకుని కూర్చుని, ఉన్న కాగితాలన్నీ తెప్పించుకుని, బల్ల మీద నిదానంగా, ఒక్కొక్కదాని మీదా నిలకడగా సంతకం పెట్టి పంపించేశాడు. ఒక్కటీ చెల్లదని ఆయనకు తెలుసు. మరుసటి రోజూ అదే పని. ఆ మరుసటి రోజూ అదే. జకరయ్యకు తన సొంత డబ్బు ఇచ్చేశాడు. ఇక సంస్థ కూలిపోవడం కోసం ఎదురుచూశాడు.

సంస్థ కూలలేదు. సిబ్బంది జీతాలు ఖజానా కంప్యూటరు నుంచి నేరుగా పడుతున్నాయి. దానికి ఎండీ సంతకం అక్కర్లేదని ఆయనకు అప్పుడే తెలిసింది. చాపలు నేసేవాళ్లు నేస్తున్నారు, వ్యాపారులు వచ్చి కొనుక్కుపోతున్నారు. సంస్థ తమకోసం చేసేదేదో ఆగిపోయిందని వాళ్లలో ఒక్కరూ రాలేదు. సమీక్షా సమావేశాల్లో సమోసాలు మాత్రం ఆగాయి. మిగతా కార్పొరేషన్ల వాళ్లు కూడా రావడం మానేసి ఎవరి గదుల్లో వాళ్లు చెల్లని సంతకాలు పెట్టుకుంటున్నారని, అక్కడ కూడా ఏమీ ఆగలేదని తెలిసింది.

ఇది దక్షిణామూర్తిని బాధించింది. ఏదో ఒకటి ఆగుతుందని, ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తారని ఆయన ఆశ. కనీసం ఆదిశేషయ్య అయినా కంగారుపడతాడనుకున్నాడు. అతను పాత సంతకం తిరిగొచ్చినందుకు హాయిగా ఉన్నాడు.

కాలు మాత్రం కోలుకుంది. మొదట తిమ్మిరి, తరవాత మంట. ఒక ఆదివారం పెరట్లో చీమ కుడితే ఆయన పెట్టిన కేకకు సుగుణ గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ?"

"కుట్టింది! ఎడమకాలికే!"

ఆమె ఆ చీమను చంపనివ్వలేదు.

ఆర్థిక సంవత్సరం ముగిసింది. సచివాలయం నుంచి మరో ఉత్తరం వచ్చింది. గడచిన అర్ధ సంవత్సరములో చెల్లుబాటయ్యే ఏ చర్యా తీసుకొనకుండనే, ఒక్క ఫిర్యాదైనను లేకుండ, లక్ష్యములన్నియు సాధించిన ప్రథమ అధికారిగా ఇవటూరి దక్షిణామూర్తిని గుర్తించడమైనది. 'ఆదర్శ అధికారి' పురస్కారమునకు ఎంపిక చేయడమైనది. వేదికపై శాలువ, జ్ఞాపిక. అంగీకారపత్రమును చెల్లుబాటయ్యే సంతకముతో సాయంత్రములోగా పంపవలెను.

దక్షిణామూర్తి ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ చదివాడు. ఇది తనను పొగడటం కాదని, తాను ఏమీ చేయకపోవడాన్ని పొగడటమని ఆయనకు స్పష్టంగా అర్థమైంది. అర్థమయ్యాక కూడా గోడవైపు చూసి, ఫ్రేము పక్కన ఇంకో ఫ్రేముకు చోటుందని గమనించాడు.

మస్తాన్‌ను పిలిపించాడు.

"ఆ పాత మౌంటింగులు... పారేశావా?"

"ప్రభుత్వ ఆస్తి గదా సార్. డిక్కీలో ఉన్నయ్."

దక్షిణామూర్తి అంగీకారపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఒక్క సంతకానికే," అన్నాడు.

"ఒక్క సంతకానికే సార్," అన్నాడు మస్తాన్. జేబులోంచి బిళ్ల తీసి చొక్కాకు పెట్టుకుంటూనే జకరయ్యకు ఫోన్ కలిపాడు.

దక్షిణామూర్తి కలం మూత బిగించి, కమ్మీ పట్టుకోకుండా, కుర్రాడిలా మెట్లు దిగిపోయాడు.